అమ్మ క్లోమం

గోంగూర పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని భ్రమరాంబ గరిటె కొసన రవ్వంత తీసి, అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించింది. అంతే, ఉల్లిపాయల బుట్ట మీద పెట్టిన ఫోను మోగింది. ఎవరో చూడకుండానే తెలుసు. హైవే పక్కనున్న పరిశోధన కేంద్రంలో డాక్టరు పర్వీన్. ఆ అమ్మాయికి నిద్రనేది ఉండదు కాబోలు.

"అమ్మా, మళ్ళీ రుచి చూశారా?"

"లేదమ్మా," అంది భ్రమరాంబ, అరచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ.

"చూశారండీ. ఇక్కడ నా తెర మీద కనపడుతోంది. మీ క్లోమం ఇప్పుడే ఇన్సులిన్ వదిలింది. దాని వెనకాలే లహరి క్లోమం కూడా వదిలింది. ఆ పిల్ల ఇంకా నిద్రలో ఉంది, కడుపు ఖాళీ. షుగర్ పడిపోతోంది. వెళ్ళి లేపి ఒక అరటిపండు పెట్టండి."

"ఉప్పు చూడకుండా కూర ఎట్టా దించమంటావు తల్లీ?"

"అది నాకు తెలియదు. ముందు అరటిపండు."

భ్రమరాంబ పొయ్యి తగ్గించి, గెలలోంచి ఒక పండు తుంచుకుని మేడమెట్లు ఎక్కింది. ఎక్కుతున్నంతసేపూ ఆమె కళ్ళ ముందు ఒకటే బొమ్మ. పిలిస్తే పలకదు. కదిపితే కదలదు. ఆ తర్వాత అంబులెన్సు, వీధివీధంతా గుమ్మంలో. గదిలోకి వెళ్ళేసరికి లహరి దుప్పటి తన్నేసి, నోరు తెరుచుకుని పడుకుని ఉంది. భ్రమరాంబ వంగి కూతురి ముక్కు కింద వేలు పెట్టి చూసింది.

"అమ్మా, ముక్కు దగ్గర వేలు తియ్యి," అంది లహరి కళ్ళు తెరవకుండానే.

"మెట్ల మీద నుంచి నాలుగుసార్లు పిలిచాను, పలకవేందే?"

"నిద్రపోయేవాళ్ళు పలకరమ్మా. గోంగూరేనా ఇవాళ?"

"నీకెట్టా తెలుసు?"

"గోంగూర రోజున రెండుసార్లు రుచి చూస్తావు. చెమట పట్టేస్తోంది, ఆ పండు ఇటివ్వు."

కొరిటెపాడులో భ్రమరాంబ కర్రీ పాయింట్ అంటే ఆటోవాళ్ళకు గుర్తు చెప్పనక్కర్లేదు. కింద కొట్టు, పైన ఇల్లు. వండేది భ్రమరాంబ, పొట్లాలు కట్టి ఇచ్చేది ఆమె భర్త వీరాంజనేయులు. ఒక్కతే కూతురు లహరి. మిరప చేల మీద డ్రోను ఎగరేసి మందు కొట్టే కంపెనీలో ఆపరేటరు. ఉద్యోగంలోకి తీసుకునే ముందు ఆ కంపెనీవాళ్ళు చేయించిన పరీక్షల్లోనే బయటపడింది, పిల్ల కాలేయానికి కొవ్వు పట్టిందని.

"కొవ్వా? దీనికా?" అన్నాడు వీరాంజనేయులు. "ములక్కాడలాంటి పిల్లకి కొవ్వేంది? ఎవరి రిపోర్టో దీని చేతికి ఇచ్చుంటారు."

ఎవరిదో కాదు, లహరిదే. మళ్ళీ చేయించినా అదే మాట. అన్నం తగ్గించి కొర్రలు వండింది భ్రమరాంబ. పొద్దున్నే పార్కు చుట్టూ తిప్పింది. నూనె డబ్బా పిల్ల కంటికి కనపడకుండా దాచింది. ఏడాది పోయాక స్కానింగులో కొవ్వు తగ్గకపోగా, కాలేయం అక్కడక్కడా గట్టిపడటం మొదలైందని తేలింది. భ్రమరాంబ పదో తరగతి తప్పింది, అదీ సైన్సులోనే తప్పింది. గట్టిపడటమంటే ఆమెకు తెలిసింది చల్లారిన బెల్లం పాకం ఒక్కటే. పళ్ళెంలో బిగుసుకుపోయిన పాకాన్ని మళ్ళీ కరిగించాలంటే నిప్పుల మీద పెట్టాలి. కన్నకూతురి పొట్టలో ఉన్నదాన్ని ఏ నిప్పుల మీద పెడతాం? ఆ దిగులుతో వారం రోజులపాటు ఆమె చేతి కూరలన్నీ చప్పగానే దిగాయి.

పెద్దాసుపత్రి డాక్టరు చివరికి పర్వీన్ దగ్గరికి పంపాడు. పర్వీన్ చూస్తే లహరి కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో అన్నట్టు ఉంది. ఈ పిల్లా వైద్యం చేసేది అనుకుంది భ్రమరాంబ. కానీ ఆ పిల్ల చెప్పే తీరు మాత్రం బాగుంది.

"మనం తిన్నప్పుడల్లా క్లోమం ఇన్సులిన్ వదులుతుంది కదమ్మా. అది ముందుగా కాలేయం దగ్గరికే వెళ్ళి, వచ్చిన చక్కెర దాచిపెట్టు అని చెబుతుంది. మీ అమ్మాయి క్లోమం ఆ మాట అవసరానికి మించి చెబుతోంది. కాలేయం దాచీ దాచీ, చోటు చాలక కొవ్వు చేసి కుక్కుకుంటోంది. కొవ్వు నిండేకొద్దీ దానికి చెవుడు. వినపడటం లేదని క్లోమం ఇంకా గట్టిగా అరుస్తుంది. అరిచేకొద్దీ ఇంకా కొవ్వు."

భ్రమరాంబ భర్త వంక చూసింది. "మా ఇంట్లో జరిగేదే," అంది.

వీరాంజనేయులు కిటికీలోంచి హైవే మీద లారీల్ని చూస్తున్నాడు.

"ఆ అరుపు ఆపే మందు లేదా అమ్మా?"

"మందుతో నోరు మూయిస్తే చక్కెర పెరిగిపోతోంది. యంత్రంతో లెక్కకట్టి నడిపించి చూశాం, ఒంటికి పట్టలేదు. గుండెకు ఉన్నట్టే క్లోమానికీ ఒక లయ ఉంటుందమ్మా. ఏ ఇద్దరిదీ ఒక్కలా ఉండదు. కానీ లహరి క్లోమం తయారైంది మీ కడుపులో. మీ లయ దానికి పాత పరిచయం. దాన్నే మళ్ళీ వినిపిస్తాం."

పర్వీన్ చేతిలో బియ్యపు గింజలంత బిళ్ళలు రెండు ఉన్నాయి. వాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు జోడీ. ఒకటి తల్లి పక్కటెముకల కింద పెడతారు, అది వింటుంది. రెండోది కూతురి క్లోమం పక్కన పెడతారు, అది చెబుతుంది. ఎంత దూరంలో ఉన్నా ఫోన్లు కబురు మోస్తాయి. తల్లిది పలికితే కూతురిది పలకాలి, తల్లిది ఊరుకుంటే కూతురిదీ ఊరుకోవాలి. ఆ ఊరుకున్న కాసేపే కాలేయానికి ఊపిరి పీల్చుకునే వీలు. అప్పుడే అది పాత కొవ్వును కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది.

"మరి నేనేం చెయ్యాలి?" అని అడిగింది భ్రమరాంబ.

"మీరేమీ చెయ్యక్కర్లేదమ్మా. ఎప్పటిలాగే ఉండండి."

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

ఎప్పటిలాగే ఉండటమంటే ఏమిటో డాక్టరు అమ్మాయికి ఏం తెలుసు? తెల్లవారకముందే పొయ్యి వెలిగించి పప్పు, పులుసు, వేపుడు, పచ్చడి అన్నీ వరసగా అరచేతిలో వేసుకుని రుచి చూడటం. మధ్యాహ్నం జనం పలచబడేదాకా గరిటె వదలకపోవడం. ఆ తర్వాత గిన్నెల అడుగున మిగిలింది ఒకే పళ్ళెంలో కలుపుకుని, నిలబడి, ఒక కన్ను కొట్టు మీదే ఉంచి నాలుగు ముద్దలు మింగడం. ఒక్కోరోజు అదీ మరిచిపోవడం. శనివారం ఉపవాసం సరేసరి. ఆ లయ కాస్తా లహరి ఒంట్లో వాయించడం మొదలయ్యేసరికి, నిద్రలో ఉన్న పిల్లకు షుగర్ పడిపోయేది. మిట్టమధ్యాహ్నం చేలో డబ్బా విప్పి అన్నం తింటే పెరిగిపోయేది. సాయంత్రం తల్లి నాలుగు జంతికలు నములుతూ టీవీ ముందు కూర్చుంటే, కూతురికి ఏటుకూరు పొలాల్లో కళ్ళు తిరిగి డ్రోను కాలవలో పడింది.

"నువ్వు జంతికలు తింటే మా కంపెనీ డ్రోన్లు పడిపోతున్నాయమ్మా," అంది లహరి ఇంటికొచ్చి, బురద కాళ్ళతోనే. "మా మేనేజరుకి ఏం చెప్పమంటావు?"

చివరికి పర్వీనే ఒకరోజు వచ్చి కొట్లో స్టూలు వేసుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి చూసింది. మధ్యాహ్నం దాటిపోయాక కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అమ్మా, అసలు మీరు భోజనం ఎప్పుడు చేస్తారు?"

"చేస్తాలే తల్లీ."

"ఎప్పుడు?"

"అందరిదీ అయ్యాక."

"అందరిదీ ఎప్పుడవుతుంది?"

భ్రమరాంబ గరిటె పక్కన పెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఎవరూ అడగలేదు, తనూ అనుకోలేదు. అందరిదీ అవడమంటే కుదిరినప్పుడు అవుతుంది. అదొక వేళా?

ఆ రోజు నుంచి ఇంటి పద్ధతి తలకిందులైంది. ఉప్పు చూడటం వీరాంజనేయులి పని. ఆయన నాలుక పాతికేళ్ళుగా ఖైనీకి అలవాటు పడినది. దానికి ఉప్పు తగలాలంటే గుప్పెడు వెయ్యాలి.

"అమ్మగారూ, పులుసులో ఉప్పు దండిగా పడ్డట్టుంది," అన్నారు రోజూ వచ్చే సుదర్శనం మాస్టారు.

"నన్నడిగితే ఏం లాభం మాస్టారూ? నాలుక ఆయనది."

"నాకు బాగానే ఉంది," అన్నాడు వీరాంజనేయులు.

"ఉంటుంది. సముద్రం తాగించినా మీకు బాగానే ఉంటుంది."

మధ్యాహ్నం ఒంటిగంటకు జనం క్యూ కట్టిన సమయంలో భ్రమరాంబ గల్లాపెట్టె వెనక కూర్చుని కంచంలో అన్నం కలుపుకోవాలి. అప్పుడే చేలో లహరి డబ్బా విప్పుతుంది. ఇటు వీరాంజనేయులు ఒక్కడూ పప్పు కవర్లో సాంబారు పోసి, సాంబారు కవర్లో పెరుగు పోసి, నానా తిప్పలూ పడేవాడు. లహరి స్నేహితులతో ఎక్కడైనా ఆగినా ఫోను చెయ్యాల్సిందే.

"అమ్మా, నేను పునుగులు తింటున్నా. నువ్వూ ఏదో ఒకటి నోట్లో వేసుకో."

"ఇప్పుడా? చేతినిండా పేడ ఉందే, కల్లాపి చల్లుతున్నాను."

"కడుక్కుని తినమ్మా. చల్లారిపోతున్నాయి."

ఎంత విసుగైనా, ఫలితం మాత్రం కనపడింది. మూడు నెలలు తిరిగేసరికి లహరి రక్తపరీక్షల్లో అంకెలు దిగాయి. బుగ్గల్లో కొంచెం కళ వచ్చింది. పర్వీన్ సంతోషపడింది గానీ, అసలు తేలాల్సింది స్కానింగులో అని చెప్పింది. గట్టిపడటం ఆగితేనే జోడీ కొనసాగిస్తారు. ఆగకపోతే బిళ్ళలు తీసేస్తారు. తీసేశాక చెయ్యడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

స్కానింగు సోమవారం అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి భ్రమరాంబకు కుదురు లేదు. మెట్ల కింద బల్లి అరిస్తే ఉలిక్కిపడింది. పాలు విరిగిపోతే అపశకునం అనుకుంది. అన్నిటికీ మించి ఆమెను కుదిపేసింది ఒకటుంది. పెళ్ళైన దగ్గర్నుంచి తప్పకుండా పట్టిన శనివారాలు ఈ జోడీ కోసం మానేసింది. డాక్టరు మానమంటే మానేసింది సరే, పైనున్నవాడు ఊరుకుంటాడా? ఇన్నాళ్ళూ పిల్లను కాపాడింది ఆ ఉపవాసాలే అయితే? సోమవారం ఆ స్కానింగులో పాపిష్టి అక్షరాలు కనపడితే, ఆ మూడు నెలల శనివారాలకు తనే కదా జవాబు చెప్పుకోవాలి.

ఒక్క శనివారం, అనుకుంది. తీర్థం తప్ప ఏమీ ముట్టకుండా ఒక్క రోజు. దేవుడి పేరు మీద చేసే ఉపవాసం పిల్లకు మేలే చేస్తుంది గానీ కీడెందుకు చేస్తుంది? ఆమె లెక్కకు అది మెతుకు మానుకోవడమే తప్ప జోడీకి సంబంధించిన సంగతే కాదు. ఉపవాసమంటే ఆకలి తనది. పుణ్యం పిల్లది. ఎప్పుడూ అంతే.

శనివారం మధ్యాహ్నం కూతురు ఫోను చేసింది. వెనక డ్రోను రొద.

"అమ్మా, తిన్నావా? నేను కూర్చుంటున్నా."

"తిన్నానులే. నువ్వు తిను."

"నిజంగా?"

"తిన్నానంటున్నాగా. పులిహోర పెట్టాను, కడుపు మాడ్చుకోకు, తిను."

భ్రమరాంబ ఆ మాట అబద్ధమని కూడా అనుకోలేదు. అది ఆమె నోటికి రోజూ వచ్చే మాటే. భర్త అడిగినా, చుట్టాలు అడిగినా, ఆసుపత్రి మంచం మీద ఉన్న సొంత తల్లి అడిగినా అదే అంది. అవతలివాళ్ళు నిశ్చింతగా తినాలంటే ముందు ఆ మాట చెప్పాలి. ఫోను మోగకుండా నొక్కేసి, కొట్టు భర్తకు అప్పజెప్పి, దేవుడి గదిలో పారాయణకు కూర్చుంది.

లహరి పులిహోర తింది. పెరుగన్నం తింది. రైతు ప్రేమగా పోసిన చెరుకు రసం పెద్ద గ్లాసు నిండా తాగింది. తల్లి తిన్నది కదా అని నిశ్చింతగా తాగింది. ఆమె క్లోమం మాత్రం తల్లి కబురు కోసం చెవులు రిక్కించుకుని, ఏ కబురూ రాక, చేతులు ముడుచుకుని కూర్చుంది.

పర్వీన్ ఎన్నిసార్లు ఫోను చేసిందో భ్రమరాంబ తర్వాత చూసుకుంది. చివరికి వీరాంజనేయులే తలుపు నెట్టుకుని దేవుడి గదిలోకి వచ్చాడు. ఆయన చేతికి పెరుగు అంటుకుని ఉంది, కడుక్కోలేదు.

"లహరి వాంతులు చేసుకుని పడిపోయిందంట. కంపెనీ వాళ్ళు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. పద."

ఆటోలో ఆమె పారాయణ పుస్తకం చేతిలోనే ఉండిపోయింది. ఆమె భయపడుతూ వచ్చినవన్నీ ఇన్నేళ్ళూ బయట నుంచి వచ్చేవే. లారీలు, పాములు, కరెంటు తీగలు, పడిపోయే డ్రోన్లు. తన ఖాళీ కడుపు నుంచి రాగలదని ఒక్కసారి కూడా అనుకోలేదు.

పరిశోధన కేంద్రంలో లహరి మంచం మీద ఉంది. పెదవులు ఎండిపోయాయి, చేతికి సెలైను. పర్వీన్ గుమ్మంలోనే ఆపింది.

"ప్రాణానికి భయం లేదమ్మా. సూదిమందు ఇచ్చాం, చక్కెర దిగుతోంది. భయం జోడీకే. పొద్దుటి నుంచి మీ నుంచి దానికి కబురు లేదు. పైగా మేం బయట నుంచి ఇన్సులిన్ ఎక్కిస్తున్నాం. సాయంత్రం దాకా ఇలాగే ఉంటే లహరి క్లోమం మీ లయ వదిలేసి పాత దారి పడుతుంది. ఇంకో తల్లీకొడుకుల విషయంలో అలాగే అయింది. ఒకసారి తెగితే మళ్ళీ అతకలేదు."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"అన్నం తినాలి."

భ్రమరాంబ ఆ పిల్ల వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "బిడ్డ అట్టా పడుంటే నేను కూర్చుని అన్నం తినాలా?"

"అవునమ్మా. ఇప్పుడే."

వీరాంజనేయులు క్యాంటీన్ నుంచి పెరుగన్నం తెచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేశారు. కంచం ఒళ్ళో పెట్టారు. భ్రమరాంబ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నీళ్ళతో దించింది. ఇంకో ముద్ద. ఇంకోటి. పర్వీన్ తెర వంకే చూస్తోంది. తెర మీద రెండు గీతలు, పైది తల్లిది, కిందది కూతురిది. రెండూ చాప పరిచినట్టు ఉన్నాయి.

"తింటున్నారు కానీ మీ క్లోమం తలుపు తియ్యడం లేదు. భయంలో ఉన్నప్పుడు ఒళ్ళు పరిగెత్తడానికి సిద్ధమైపోయి ఇన్సులిన్ ఆపేస్తుంది. భయపడకండి అమ్మా."

"భయపడొద్దంటే ఆగటానికి అదేమన్నా కుళాయా తల్లీ, తిప్పి కట్టెయ్యటానికి?"

"నీకు ప్రతిదానికీ భయమే," అన్నాడు వీరాంజనేయులు. "డ్రోను నెత్తిన పడుతుందని భయం. దాని రెక్కకి జడ చుట్టుకుంటుందని భయం. పిల్ల తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. కాస్త నెమ్మదిగా ఉండు."

"మీరు మాట్లాడకండి. మీరు మాట్లాడితే ఉన్న నెమ్మదీ పోతోంది."

తెర కదల్లేదు. కిటికీ మీద ఎండ రంగు మారుతోంది. పర్వీన్ పెదవి కొరుక్కుంటోంది. భ్రమరాంబ నాలుగో ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయింది. తన భయమే పిల్లకు విషమైతే, ఆ సంగతి తెలిశాక భయం పెరుగుతుందా తగ్గుతుందా? ఇదెక్కడి వైద్యం? తల్లిని తల్లిగా ఉండొద్దనే వైద్యం.

"అమ్మా," అంది లహరి. గొంతు గరగరలాడింది. "నువ్వు పొద్దుటి నుంచి ఏం తిన్నావు?"

భ్రమరాంబ చేతిలో ముద్దను మళ్ళీ కంచంలో కలిపేసింది.

"ఏం తిన్నావమ్మా?"

"తీర్థం."

"మరి ఫోన్లో తిన్నానన్నావు."

"అంటాంలేవే. ఎవరైనా అట్టాగే అంటారు."

"ఎవరైనా అనొచ్చు, నువ్వు అనకూడదు. నీ పొట్టలో గంట కొడితే నా పొట్టలో తలుపు తీస్తారని మూడు నెలల నుంచి మొత్తుకుంటున్నాంగా. నా కోసం ఉపవాసమా? నిన్నెవరుండమన్నారు?"

"నీ స్కానింగు బాగా రావాలని."

"బాగా వచ్చింది స్కానింగు. చెరుకు తోటలో పడి వాంతులు చేసుకున్నాను. మా మేనేజరు నన్ను గోనెబస్తా ఎత్తినట్టు ఎత్తి వ్యానులో వేశాడు. రైతులంతా చుట్టూ మూగారు. ఒకాయన నా మొహాన బురద నీళ్ళు కొట్టాడు. కొత్త చొక్కా అమ్మా అది." ఊపిరి తీసుకుంది. "ఇంకా నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. వీధిలో అందరికీ నా లివర్ గురించి చెప్పావు. కూరలు కొనడానికొచ్చినవాళ్ళు ఏమ్మా, నీ లివర్ ఎట్టా ఉందని అడుగుతున్నారు. ఎవరైనా అడుగుతారా అట్టా? పొద్దున లేస్తే మొహం మీద నీ వేలు. బతికున్నానో లేదో చూస్తావు, నేను బతికున్నాననే సంగతి నువ్వు ఒక్క రోజన్నా నమ్మావా?"

"నెమ్మదిగా తల్లీ," అన్నాడు వీరాంజనేయులు.

"నువ్వుండు నాన్నా. నీ సంగతి తర్వాత. ఆ ఉప్పు పులుసు తినలేక నేను చస్తున్నాను."

భ్రమరాంబ వింటోంది. మాటలు కాదు, గొంతు వింటోంది. మొదట గరగరలాడింది, తర్వాత తడి వచ్చింది, ఇప్పుడు అచ్చం కొట్లో కూర తక్కువ తూచారని గొడవపడేవాళ్ళతో తను మాట్లాడే గొంతులా ఖంగుమంటోంది. పోయే పిల్ల చొక్కా గురించి మాట్లాడదు. పోయే పిల్లకు ఇన్ని గుర్తుండవు. లేని ఓపిక తెచ్చుకుని మరీ తిడుతోందంటే దీనికి ఏమీ కాదు, ఇప్పట్లో ఏమీ కాదు. ఆమె పక్కటెముకల కింద బిగబట్టుకున్నదేదో కొంచెం వదులైంది. ఆకలేసింది. పొద్దుటి నుంచీ ఖాళీగా ఉన్న కడుపు అప్పుడు తెలిసింది.

"తిట్టవే, తిట్టు," అంది ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "తింటూ వింటాను."

"వింటావా? ఎప్పుడన్నా విన్నావా?"

"చెప్పు ముందు. మొన్న పునుగులప్పుడు కూడా ఏదో అన్నావు."

లహరి మొన్నటిది చెప్పింది. దానికి ముందుదీ చెప్పింది. పెరుగన్నం కంచం సగం ఖాళీ అయ్యేసరికి పర్వీన్ చెయ్యి ఎత్తి అందర్నీ ఊరుకోమన్నట్టు చూపించింది, లహరిని తప్ప. పై గీతలో చిన్న గుట్ట లేచింది. అందరూ ఊపిరి బిగబట్టారు. కింద గీత అలాగే ఉంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత, బద్ధకంగా నిద్రలేచిన పిల్లలా, అదీ లేచింది.

స్కానింగు సోమవారం జరగలేదు, ఆ వారం చివర్న జరిగింది. గట్టిపడటం ఆగిందని చెప్పింది పర్వీన్. ఒకచోట కొంచెం మెత్తబడింది కూడా. సంవత్సరంపాటు జోడీ ఉండాలి, ఆ తర్వాత ఇంకో సంవత్సరం ఉండాలో అక్కర్లేదో అప్పుడు చూస్తారు. వీరాంజనేయులు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. భ్రమరాంబ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"అంతదాకా నాకేమన్నా అయితే?"

పర్వీన్ లహరి ఫైలు మూసేసింది. "మీకేమీ కాకూడదమ్మా," అంది. "అందుకే ఇకనుంచి మీకూ పరీక్షలు చేస్తాం. రక్తం, బీపీ, కళ్ళు, అన్నీ. మీరు ఎప్పుడన్నా చేయించుకున్నారా?"

"నాకెందుకు? నేను బాగానే ఉన్నానుగా."

"అది పరీక్ష చేశాక చెబుతాను."

భ్రమరాంబకు ఒళ్ళు మండింది. ఇంతకాలం ఇంటిల్లిపాది గురించీ భయపడి బతికింది. ఇప్పుడు ఈ వయసులో తన గురించి కూడా భయపడాలట. తనకు మోకాలు నొప్పి వస్తే అది పిల్ల సంగతట. తను ఎండలో తిరిగితే అది పిల్ల సంగతట. తుఫానులో చిక్కుకున్న మనిషికి ఇంకో గొడుగు మోసే పని అప్పజెప్పినట్టు ఉంది. బయటికొస్తుంటే ఆమె గొణుగుతూనే ఉంది, లహరి నవ్వు ఆపుకుంటూ చెప్పులు వేసుకుంది.

కొత్త నియమం మరీ విచిత్రం. తల్లి ముద్ద దిగాకే కూతురు తినాలి. ఇదివరకు ఇద్దరూ ఒకేసారి తింటే చాలన్నారు, ఇప్పుడు తల్లిదే ముందుండాలి. ఫోన్లో చెప్పే మాట మీద ఆధారపడే పని లేదు. తల్లి క్లోమం పలికితే లహరి ఫోనులో చిన్న దీపం వెలుగుతుంది. అది వెలిగితేనే ఆ పిల్ల డబ్బా మూత తియ్యాలి.

మర్నాడు ఒంటిగంటకు కొట్టు ముందు జనం వీధిలోకి వచ్చారు. భ్రమరాంబ గరిటె గిన్నెలో వదిలేసి, చేతులు కడుక్కుని, గల్లాపెట్టె వెనక కాదు, ముందు బల్ల దగ్గరే కూర్చుంది. వెనక కూర్చుంటే జనం చూడరు, చూడకపోతే పిలుస్తారు. వీరాంజనేయులు కంచం పెట్టాడు. అన్నం గుట్టగా పోశాడు. పప్పు బల్ల మీద కారింది.

"అక్కా, రెండు సాంబారు, ఒక దొండకాయ," అన్నాడు ముందున్న కుర్రాడు.

"ఆగు నాయనా. తింటున్నాను."

"ఎంతసేపు పడుతుందక్కా?"

ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలియదు. గల్లాపెట్టె వెనక కూర్చున్నా, పిలిచినప్పుడల్లా లేవడమే తప్ప కుదురుగా తిన్న అనుభవం లేదు. మిరప చేలో ఎండ మండిపోతుంటుంది. గట్టు మీద లహరి ఒళ్ళో డబ్బా పెట్టుకుని, దీపం వెలగని ఫోను వంక చూస్తూ, ఈపాటికి విసుక్కుంటూ ఉంటుంది. పిల్లకు ఆకలి. అది తీరాలంటే తను తినాలి. ఇంత తేలికైన పని ఇంత కష్టంగా ఎందుకుందో భ్రమరాంబకు అర్థం కాలేదు. వెనకెవరో చెప్పులు ఈడుస్తున్నారు. ఇంకెవరో సణుగుతున్నారు. ఆమె తలెత్తలేదు. మొదటి ముద్ద తింది, రెండోది తింది. అన్నం వేడిగా ఉంది. ఈ కొట్టు పెట్టిన దగ్గర్నుంచి తన కూరను వేడిగా తినడం ఇదే మొదలు.

కంచం సగమయ్యాక భర్త వంక చూసింది.

"ఏవండీ, అట్టా నిలబడి చూస్తారేం? ఆ వంకాయ ఇంకొంచెం వడ్డించండి."

వీరాంజనేయులు గరిటె ఎక్కడ పెట్టాడో వెతుక్కున్నాడు. క్యూలో జనం ఓపికపట్టి నిలబడ్డారు.

"వడ్డించండి," అంది మళ్ళీ. "పిల్ల చూస్తా ఉంటుంది."